ఆదివారం ఉదయం, పరగడుపున

నేను రాసినవాటిలో జనం నిజంగా చదివింది నాలుగు వాక్యాలే. అవి చదివి ఎవరెవరు ఎక్కడెక్కడి నుంచి బస్సెక్కారో నాకు తెలుసు. వాటి కింద నా పేరు లేదు. లేదు కాబట్టే ఇన్నాళ్లూ తలెత్తుకుని తిరగగలిగాను.

అప్పట్లో కర్నూలు కొత్త బస్టాండుకు దగ్గర్లో, ఒక మేడ మీది రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఓనరు, నేను, ఒక కంప్యూటరు. జిల్లా మొత్తానికి ఒక టెలిఫోన్ గైడు వేయాలని మా ఓనరుకు బుద్ధి పుట్టింది. మామూలు డైరెక్టరీలో పేర్లు అక్షరాల వరసలో ఉంటాయి, మోటారు కాలిపోయిన రైతు ఏ అక్షరం కింద వెతుక్కోవాలి అని ఆయన వాదన. మా పుస్తకంలో పనుల వరస ఉంటుంది. మోటారు మెకానిక్కులు ఒకచోట, షామియానాల వాళ్లు ఒకచోట, పళ్ల డాక్టర్లు ఒకచోట. బండేసుకుని ఆత్మకూరు నుంచి పత్తికొండ దాకా తిరిగి వివరాలు రాసుకొచ్చే పని నాది. ఎండకు మొహం నల్లబడిపోయినా ఆ పని నాకు నచ్చింది. ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఒక పొగరు కూడా ఉండేది.

ఆ పొగరుతోనే పెద్దాయనను పుస్తకంలోకి ఎక్కించాను.

ఓర్వకల్లు దాటాక రాళ్ల గుట్టల మధ్య ఒక చిన్న ఊరుంది. పెద్దాయనకు అక్కడ నాలుగెకరాల మెట్ట, కొన్ని గొర్రెలు, చర్చి గోడకు ఆనుకుని ఒక ఇల్లు. ఆ ఇంట్లో తాతల కాలం నుంచి పచ్చకామెర్లకు పసరు పోస్తారు. ఆదివారం తెల్లారాక మొదలుపెట్టి, చర్చి గంట కొట్టేలోపు ముగిస్తారు. నేను పదో తరగతిలో ఉండగా నా కళ్లు పచ్చబడితే మా అమ్మ నన్ను అక్కడికే తీసుకుపోయింది. వాకిట్లో బండల మీద వరసగా కూర్చున్న పచ్చకళ్ల వాళ్లలో నేనూ ఒకణ్ణి. దోసిట్లో పసరు పోసేవాడు, గుటుక్కున మింగాలి. ఏం ఆకని అడగకూడదు. ఇంటికొచ్చాక పదకొండు రోజులు ఉప్పూ నూనే లేని తిండి. డబ్బు ఇస్తే ముట్టేవాడు కాదు. నాకు తగ్గింది. చాలా కామెర్లు మందు వేసినా వేయకపోయినా తగ్గేవేనని తర్వాత ఒక డాక్టరు నవ్వుతూ చెప్పాడు. అయ్యుండొచ్చు, నేను కాదనను.

కానీ ఆ డాక్టరు చూడనిది నేను చూశాను. పెద్దాయన అందరికీ మందు పోసేవాడు కాదు. ముందు ఒక్కొక్కరి కింది రెప్ప లాగి వెలుతురుకు తిప్పి చూసేవాడు. కడుపు నొక్కేవాడు. ఒంటికి పోతే ఏ రంగు, దొడ్డికి పోతే ఏ రంగు అని సిగ్గులేకుండా అడిగేవాడు. ప్రతి ఆదివారం ఇద్దరినో ముగ్గురినో వరసలోంచి లేపేవాడు. "ఇది నాతో అయ్యేది కాదు. పెద్దాస్పత్రికి పోండి, ఈడ కూచోవద్దు" అని కసిరేవాడు. కడుపుతో ఉన్న మనిషి వస్తే అసలు కూర్చోనిచ్చేవాడే కాదు. వెంట నడిచి రోడ్డు దాకా పోయి, బస్సు ఎక్కించి వచ్చేవాడు. ఆయన విద్య పసరులో లేదు, ఆ లేపడంలో ఉంది. నాకు అది చాలా ఆలస్యంగా అర్థమైంది.

గైడులో వేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

"రాయొద్దు నాయనా. బాగైనోళ్లు ఇంకొకరికి చెప్పల్ల, వాళ్లు రావల్ల. చాటింపు ఏస్తే మందు పని చెయ్యదు" అన్నాడు.

ఆకు పేరు బతికుండగా ఎవరికీ చెప్పకూడదని, పోయే ముందు ఒక్కరికే చెప్పాలని కూడా ఆ ఇంట్లో నియమం. ఇలాంటి కట్టుబాట్లు మా వైపు నాటుమందు ఇచ్చే ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. చదువుకున్నవాణ్ణి కదా, నాకు నవ్వొచ్చింది. "నాకు బాగైంది కదా పెద్దాయనా, నేనే నలుగురికి చెప్తాండాననుకో" అన్నాను. ఆయన ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం కింద రాసుకున్నాను.

వైద్యుల శీర్షిక కింద, ఆయన పేరూ ఊరూ వేసి, ఇలా రాశాను: పచ్చకామెర్లకు నమ్మకమైన మందు. ఉచితం. ఆదివారం ఉదయం పరగడుపున రండి. వేలమందికి నయమైంది. ఒక్కో పేరుకు నాలుగు వరసల చోటు ఇచ్చేవాళ్లం. మూడు నిండాయి, నాలుగోది ఖాళీగా ఉంటే బాగుండదని వేలమంది అన్నాను. కొందరిని ఆయన ఆస్పత్రికి పంపిస్తాడన్న మాట రాయాలని నాకు తోచనే లేదు. ఇంట్లో ఫోను లేదు కాబట్టి ఎదురుగా ఉన్న కిరాణా అంగడి శెట్టి నంబరు వేసి, పక్కన పి.పి. అని పెట్టాను. ఆ ఫోను ఆ మనిషిది కాదు, చేస్తే పిలిచి పెడతారు అని దానర్థం. అప్పట్లో సగం జిల్లా పి.పి. నంబర్ల మీదే బతికేది.

రెండేళ్లకు ఓనరు గైడును వెబ్‌సైటు చేశాడు. పుస్తకం మొత్తం ఇంగ్లీషులో నేనే టైపు చేశాను. నంబరు గడిలో పి.పి. అని కొట్టబోతే అది అంకెలు తప్ప ఇంకేమీ తీసుకోనంది. తీసేసి ముందుకు పోయాను. దాని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆ తర్వాత ఆ పట్టీ ఎవరెవరి చేతుల్లోకి పోయిందో నాకు తెలియదు. హైదరాబాదులో ఎవరో తీసుకున్నారు, వాళ్ల దగ్గర ఇంకెవరో. కొన్నాళ్లకు మా ఓనరు ఓర్వకల్లు దగ్గర ప్లాట్లు వేసే పనిలో పడి గైడు మూసేశాడు. నేను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఉద్యోగంలో చేరాను.

పెద్దాయన ఒక మధ్యాహ్నం శనగచేలో కలుపు తీస్తూ పక్కకు ఒరిగిపోయాడు. ఆకు పేరు చెప్పే వ్యవధి ఎవరికీ ఇవ్వలేదు. పిల్లలు లేరు. భార్య ఒక్కతే మిగిలింది. కడప వైపు నుంచి కాపురానికి వచ్చిన మనిషి, ఊరంతా అవ్వ అనేవాళ్లు. విద్య ఆ రోజుతో ముగిసిందని ఊరికి అర్థమైంది. చుట్టుపక్కల ఊళ్లకూ అర్థమైంది, ఎందుకంటే అక్కడ మాట మనిషి నోట పోతుంది.

ఏడాది తిరక్కుండానే శెట్టి నాకు కబురు పెట్టాడు. పోతే, త్రాసు ముందు కూర్చుని ఫోను వైపు వేలు చూపించాడు.

"ఏమప్పా, నన్ను కామెర్ల డాక్టరును చేసినావే. బళ్లారి నుంచి చేస్తాండారు, బెంగళూరు నుంచి చేస్తాండారు. ఆయప్ప పోయినాడు అంటే మీరెవురు అంటారు. ఉల్లిగడ్డలు అమ్మేటోన్ని అంటే పెట్టేస్తారు. ఆదివారం పొద్దున్నే జీపులేసుకోని దిగుతారు."

వాళ్లకు ఎవరు చెప్పారని అడిగాను.

"నెట్లో ఉండాదంట. మొదుట్లోనే ఉండాదంట."

అవ్వ వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. "వచ్చేవాళ్లకు ఏం చెప్పేది నాయనా? పరగడుపుతో వస్తారు, బిడ్డల్ని ఎత్తుకోని వస్తారు. లేడంటే ఏడుస్తారు. నువ్వు రాసినావంట కదా, నువ్వే తీసెయ్" అంది. తీసేస్తానని మాటిచ్చాను. ఆ రోజు అది పెద్ద పనని నేను అనుకోలేదు.

కర్నూలుకు వచ్చి ల్యాబులో కూర్చుని కర్నూలు, కామెర్లు, మందు అని ఇంగ్లీషులో కొట్టాను. అన్నిటికంటే పైన పెద్దాయన. ఊరి పేరు, శెట్టి నంబరు, నా నాలుగు వాక్యాలు. కింద ఇంకో సైటు, అందులోనూ అవే. దాని కింద ఇంకోటి. మా పాత సైటు ఎప్పుడో పోయింది, కానీ దాని పిల్లలు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి.

ఈ వెతికే వ్యవహారం ఎలా నడుస్తుందో అప్పుడు కూర్చుని చదివాను. కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కునేటప్పుడు మనం ఒక్కరిని అడిగి ఊరుకోం. టీ అంగట్లో అడుగుతాం, మలుపులో అడుగుతాం, ముగ్గురూ ఒకే వైపు చెయ్యి చూపిస్తే అటు నడుస్తాం. సెర్చ్ కూడా చేసేది అదే. తలుపు దాకా వచ్చి లోపల మనిషి ఉన్నాడో లేడో చూడదు. ఎన్ని సైట్లు ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే నంబరు చెబుతున్నాయో చూస్తుంది. అన్నీ కలిస్తే నిజమని నమ్ముతుంది. ఎక్కువ వేళ్లు ఎటు చూపిస్తే దాన్ని పైకి తెస్తుంది. పెద్దాయన విషయంలో అన్ని వేళ్లూ ఒకే వైపు ఉన్నాయి, ఎందుకంటే అవన్నీ నా వేలే. ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టాయి. నేను చోటు నింపడానికి వేసిన వేలమంది కూడా ప్రతిచోటా చెక్కుచెదరకుండా ఉంది. పైగా పోటీ లేదు. జిల్లాలో కామెర్ల మందు ఇచ్చే మిగతావాళ్లు ఎవరూ నెట్లో లేరు. చాటింపు వేయొద్దన్న నియమాన్ని వాళ్లు నిలబెట్టుకున్నారు.

కనిపించిన ప్రతి సైటుకూ ఉత్తరం రాశాను. కొన్ని జవాబివ్వలేదు. కొన్ని మీ ఆసక్తికి ధన్యవాదాలు అన్నాయి. ఒక సైటు, మీ వ్యాపారాన్ని ఇంకా పైకి తెస్తాం, మాట్లాడదామా అని అడిగింది. సెర్చ్ వాళ్ల పట్టీలో మార్పు చేయాలంటే ఆ చోటు యజమాని మీరేనని రుజువు చేయమన్నారు. ఎలాగంటే, అక్కడున్న నంబరుకు ఒక యంత్రం ఫోను చేసి కొన్ని అంకెలు చెబుతుంది, అవి తెచ్చి కొట్టాలి. మొదటిసారి శెట్టికి ముందే చెప్పలేదు. ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో అంకెలు చదువుతోందని ఆయన ఫోను పెట్టేశాడు. రెండోసారి శెట్టి అంగట్లో బియ్యం మూట మీద నేనే కూర్చున్నాను. కర్నూల్లో స్నేహితుడు బటను నొక్కాడు, ఇక్కడ ఫోను మోగింది, అంకెలు రాసుకుని వాడికి చెప్పాను. మూసివేయబడింది అని పెట్టించాను. నిజంగానే పైనుంచి పోయింది. శెట్టి ఆ సంతోషంలో నాకు గోలీ సోడా ఇచ్చాడు.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. మిగతా సైట్లన్నీ ఉన్నాడంటుంటే, ఒక్కడు మూశారన్నాడని యంత్రం తీర్మానించుకున్నట్టుంది. పైగా ఇప్పుడు ఎవరో వచ్చి నంబరు రుజువు చేసిన చోటు కాబట్టి దాని మీద నమ్మకం పెరిగినట్టుంది. పక్కన పటం కూడా వచ్చింది, చర్చి పక్కన ఎర్ర గుర్తుతో. నేనే రాసింది నేనే తీయలేకపోవడం ఏమిటో ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చెబితే నవ్వుతారు.

మళ్లీ కొన్ని నెలలకు ఆ పేరు కింద ఎవరో రాసిన అభిప్రాయాలు కనిపించాయి. మా తమ్మునికి నయమైంది. అవ్వ చాలా మంచిది. ఐదు నక్షత్రాలు. చదివి ఆ ఆదివారమే బండి తీశాను.

వాకిట్లో బండల మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. అవ్వ చెంబు పట్టుకుని ఒక్కొక్కరి దోసిట్లో పోస్తోంది. అందరూ పోయేదాకా ఆగి, నా కోపం దాచుకోకుండానే అడిగాను. "ఏం ఇస్తాండావు అవ్వా వాళ్లకు?"

"నేల ఉసిరాకు నూరి మజ్జిగలో కలిపి ఇస్తాండా. అది తాగితే ఎవురూ సావరులే."

"పొమ్మని చెప్పొచ్చు కదా."

"చెప్తే పోతాండారా? లేడంటే దాచిపెడతాండావంటారు. కాళ్లు పట్టుకుంటారు. ఒకాయప్ప పొద్దుగూకేదాకా వాకిట్లోనే కూచున్యాడు, బిడ్డను ఒళ్లో పండబెట్టుకోని. ఏం చేసేది నేను?" చెంబులోకి చూస్తూ అంది. "ఆయప్ప కండ్లు చూసి చెప్తాండె, ఎవురు ఆస్పత్రికి పోవల్లనో. ఆ పొద్దుకు నేను చర్చి ఊడ్సేదానికి పోతాంటి, నాకు అది తెల్దు నాయనా. అందరి కండ్లూ ఒకే పసుపుగా కనపడతాయి నాకు."

నా భయం కూడా సరిగ్గా అదే. మందు లేకపోతే పోనీ, లేపేవాడు లేని వరస అది. అందులో ఏదో ఒక ఆదివారం కూర్చోకూడని మనిషి వచ్చి కూర్చుంటాడు, మజ్జిగ తాగి, మందు తాగామన్న ధైర్యంతో ఇంటికి పోయి పడుకుంటాడు. బాగైనవాళ్లు ఐదు నక్షత్రాలు పెడతారు. బాగుకానివాళ్లు ఏమీ రాయరు. సెర్చ్‌కు మొదటివాళ్లే కనిపిస్తారు.

ఇంక దారి తోచక, ఆ తర్వాతి ఆదివారం నుంచి నేను ఊరి మలుపులో, రోడ్డు దిగే చోట నిలబడటం మొదలుపెట్టాను. జీపు వస్తే చెయ్యి ఎత్తి ఆపేవాణ్ణి. పెద్దాయన లేడు, ఇక్కడ మందు లేదు, ఆస్పత్రికి పోండి అనేవాణ్ణి. కొందరు నమ్మి వెనక్కి తిప్పేవాళ్లు. ఎక్కువమంది నన్ను కిందికీ మీదికీ చూసేవాళ్లు. "ఏ ఆస్పత్రి ఏజెంటప్పా నువ్వు?" అని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన సెల్లు తీసి చూపించాడు. బెంగళూరులో ఉన్న బావమరిది పంపిన మెసేజీ. ఊరి పేరు, ఆదివారం, పరగడుపు. అన్నీ ఇంత పక్కాగా ఉంటే నువ్వెవడివి కాదనడానికి అన్నట్టు చూశాడు. ఆ సెల్లులో ఉన్నవి నా మాటలే. జీపు నా పక్కనుంచే దుమ్ము లేపుకుంటూ పోయింది.

అలా చాలా ఆదివారాలు నిలబడ్డాను. ఒక ఆదివారం పోలేదు. జ్వరం కాదు, పెళ్లి కాదు, ఏ కారణమూ లేదు. విసుగొచ్చింది. పొద్దున లేచి బండి వైపు చూసి, ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని మళ్లీ పడుకున్నాను.

మూడు ఆదివారాల తర్వాత, మలుపులో బస్సు దిగి ఒక పాతికేళ్ల మనిషి నా వైపు నడిచి వచ్చాడు. కళ్లు తెల్లగానే ఉన్నాయి. చేతిలో గుడ్డసంచి. నేను నా పాఠం మొదలుపెట్టబోతే తల అడ్డంగా ఊపాడు.

"మందుకు రాలేదు సార్. చెంబు ఇచ్చిపోదామని వచ్చినా."

పత్తికొండ దగ్గర పల్లె అతనిది, టమోటా వేస్తాడు. నేను పోని ఆ ఆదివారమే భార్యను తీసుకుని వచ్చాడు. ఆమెకు ఏడో నెల. అవ్వ దోసిట్లో పోసి, దూరం నుంచి మళ్లీ ఏం వస్తావు తల్లీ అని, వారానికి సరిపడా ఆకు నూరి చెంబులో పెట్టి ఇచ్చింది. ఐదు రోజులు తాగించాడు. ఆరో రోజు ఆమె మనుషుల్ని గుర్తుపట్టలేదు. అప్పుడు ఆస్పత్రికి మోసుకుపోయాడు.

"ఆయమ్మి దక్కింది సార్. కడుపులోది దక్కలేదు. ముందుగాల వచ్చింటే ఇద్దరూ దక్కుతాండ్రి అన్న్యారు డాక్టర్లు."

అతను సంచిలోంచి చెంబు తీసి నా చేతిలో పెట్టాడు. బాగా తోమి తెచ్చాడు. "మీరు ఇచ్చేయండి. అవ్వకు ఇదంతా చెప్పొద్దు. ముసిలామె, మంచికే ఇచ్చింది, ఆమె ఏం చేస్తాది" అన్నాడు.

తర్వాత చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. నెట్ సెంటర్లో ప్రింటు తీయించింది. మడతలు నలిగిపోయాయి. పైన పెద్దాయన పేరు, కింద నా నాలుగు వాక్యాలు. చివరి వాక్యం మీద వేలు పెట్టాడు. "వేలమంది అని ఉండాది కదా సార్, అది చూసే నేను నమ్మినా. ఇది రాసినోడు ఎవురో మీకేమన్నా తెలుసునా?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. నాకు తెలియదు. అతని మొహంలోకి చూసి, "అది ఎవురూ రాయరప్పా. దానంతట అదే వస్తాది నెట్లో" అన్నాను.

"అట్లనా" అన్నాడు. కాగితం మళ్లీ అవే మడతల మీద మడిచి జేబులో పెట్టుకుని, అవతలి పక్కకు పోయి బస్సు కోసం నిలబడ్డాడు. బస్సు వచ్చేదాకా నేను అటు చూడలేదు.

చెంబు పట్టుకుని అవ్వ ఇంటికి నడిచాను. ఆమె చెంబు గుర్తుపట్టి, అది తీసుకుపోయిన పిల్ల ఎట్లుందని అడిగింది. అతను వద్దన్నాడు కానీ, చెప్పకపోతే ఆమె వచ్చే ఆదివారం మళ్లీ పోస్తుంది. అంతా చెప్పాను. అతను రావడం, కాగితం చూపించడం, అడిగింది, అన్నీ చెప్పాను. అవ్వ మెట్టు మీద కూర్చుని వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసి అడిగింది.

"రాసింది నువ్వేనని ఆ పిల్లోనికి చెప్పినావా?"

లేదన్నాను. అవ్వ మెట్టు మీది నుంచి లేచింది. నా చేతిలోంచి చెంబు తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.